బడి నాటకానికి చివరి నాలుగు వారాలు: దర్శకత్వం ఎలా చేయాలి?

ఉన్నత పాఠశాలల వార్షికోత్సవాలు మన వైపు ఎక్కువగా ఫిబ్రవరి ప్రాంతంలో జరుగుతాయి. అంటే సంక్రాంతి సెలవులు ముగిసి పిల్లలు తిరిగి బడికి వచ్చాక నాటకానికి మిగిలేది దాదాపు నాలుగు వారాలే. సాయంత్రం బడి విడిచాక ముప్పావు గంట చొప్పున వారానికి ఐదు రోజులు సాధన చేయించగలిగితే మొత్తం 15 గంటలు చేతికి వస్తాయి. అరగంట నాటకానికి ఆ సమయం సరిపోతుంది. అయితే ఏ వారంలో ఏ పని ముగియాలో ముందే తేల్చుకోకపోతే మూడు వారాలు మొదటి రంగం దగ్గరే గడిచిపోయి, చివరి రంగం ప్రదర్శన నాడే మొదటిసారి పూర్తిగా నడుస్తుంది. నాటకం ఎంపిక, పాత్రల పంపకం అయిపోయాయనుకుని, ఆ తరువాత చేయవలసిన పనులను తిరుపతి, చిత్తూరు బడుల పరిస్థితికి తగినట్టు ఇక్కడ వివరిస్తున్నాను.

సాధన తొలి రోజునే ఎవరు ఏ రోజు ఉండలేరో రాసుకోవాలి. పదో తరగతి వారికి మార్చిలో పబ్లిక్ పరీక్షలు ఉంటాయి కనుక సాయంత్రాలు ప్రత్యేక తరగతులకే పోతాయి; పెద్ద పాత్రలు ఎనిమిది, తొమ్మిది తరగతుల వారికి ఉంటేనే మేలు. పల్లెల నుంచి వచ్చే పిల్లలు ఏ బస్సు తప్పితే ఇల్లు చేరలేరో అడిగి తెలుసుకుని, వారున్న రంగాలను ముందు చేయించి పంపాలి. ఆలస్యమయ్యే రోజుల్లో తల్లిదండ్రులకు దర్శకుడే ఫోను చేయాలి. పిల్లల చేత చెప్పి పంపిన మాటకూ ఉపాధ్యాయుడు స్వయంగా చెప్పిన మాటకూ ఇంట్లో దక్కే విలువ ఒకటి కాదు. ప్రతి ముఖ్య పాత్రకూ మాటలన్నీ నేర్చుకుని సిద్ధంగా ఉండే మరొక విద్యార్థిని ఇప్పుడే నియమించాలి. ఎండలు మొదలయ్యే వేళకు ఎవరో ఒకరికి ఆటలమ్మ పోయడం కొత్తేమీ కాదు.

మొదటి వారం: కూర్చుని చదవడం

మొదటి రెండు రోజులు ఎవరినీ లేచి నిలబడనీయకుండా, అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి నాటకమంతా పైకి చదివించాలి. గడియారం చూసి ఎంతసేపు పట్టిందో రాసుకోవాలి. రాకపోకలకూ, నడకలకూ, ప్రేక్షకుల నవ్వులకూ వేదికపై అదనంగా సమయం పడుతుంది కనుక, మీకు 30 నిమిషాలు కేటాయిస్తే చదువు 24 నిమిషాలు దాటకూడదు. దాటితే ఈ వారంలోనే కత్తిరించాలి. పిల్లలు ఎదుటి పాత్ర చివరి మాటను ఆనవాలుగా పెట్టుకుని తమ మాటను గుర్తుంచుకుంటారు. మూడో వారంలో ఒక వాక్యం తీసేస్తే దానికి అటూ ఇటూ ఉన్న ఇద్దరూ తడబడతారు.

యాస సంగతి కూడా ఇక్కడే తేలాలి. అచ్చయిన నాటకంలో ‘ఎక్కడికి వెళ్తున్నావు’ అని ఉంటుంది. మన పిల్లలు ఇంట్లో ‘యాడికి పోతా ఉండావు’ అంటారు. నగరి వైపు చాలామందికి ఇంటి భాష అరవమే. అందరి చేతా పుస్తకం భాషే పలికించడం వల్ల మాటలు అప్పచెప్పినట్టుంటాయి తప్ప మాట్లాడినట్టుండవు. ఈ నేల మనుషుల కథ అయితే యాసను నిస్సంకోచంగా ఉంచవచ్చు. కానీ నౌకరుకూ హాస్యగాడికీ మాత్రం యాస ఇచ్చి, డాక్టరుకూ కలెక్టరుకూ పుస్తకం భాష ఇచ్చే అలవాటు నాకు నచ్చదు. చూసే పిల్లలు తమ ఇంటి మాట నవ్వడానికే పనికొస్తుందని అనుకుంటారు.

చివరి వరుసకు వినిపించడం

బడి నాటకాలు ఎక్కువగా చెడేది నటన వల్ల కాదు, మాట వినిపించకపోవడం వల్ల. తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘వచ్చాడు’, ‘వచ్చాడా’, ‘వచ్చాడే’, ‘వచ్చాడేమో’ అనే మాటల్లో అర్థాన్ని మార్చేది చివరి అక్షరాలే. పిల్లలు వాక్యాన్ని గట్టిగా ఎత్తుకుని, ఊపిరి చాలక సరిగ్గా అక్కడే గొంతు దించేస్తారు. వెనుక కూర్చున్న వారికి ఎవరి గురించి మాట్లాడుతున్నారో తెలుస్తుంది గానీ, ఆ మనిషి వచ్చాడో రాలేదో తెలియదు. ‘గట్టిగా చెప్పు’ అని అరిస్తే మొదటి మాట ఇంకా గట్టిగా వస్తుంది, చివరి మాట ఎప్పటిలాగే గొంతులోనే ఉండిపోతుంది. అందుకు బదులు పొడవైన వాక్యాల్లో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ప్రతి విద్యార్థి కాగితంపైనా పెన్సిలుతో గీత పెట్టించాలి. చివరి మాటకు ముందు ఒక గీత తప్పనిసరి. తరువాత ఇద్దరిని బడి ఆవరణలో ముప్పై అడుగుల దూరంలో నిలబెట్టి సంభాషణ చెప్పించి, విన్నవాడి చేత చివరి మాటను తిరిగి చెప్పించాలి. తిరిగి చెప్పలేకపోతే తప్పు విన్నవాడిది కాదు. రోజూ పది నిమిషాలు ఇలా చేయిస్తే రెండో వారం ముగిసేసరికి తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మైకు ఉంది కదా అని ఈ పనిని వదిలేయకూడదు. నేను నాటకం వేయించిన తొలి ఏడాది కాలర్ మైకులను నమ్ముకున్నాను. తల్లి పాత్ర వేసిన అమ్మాయి పట్టు చీర కొంగు మైకుకు రాసుకుని, ఆమె మాటలకంటే గరగరే ఎక్కువ వినిపించింది. స్టాండు మైకులు పెడితే మరో చిక్కు వస్తుంది: రాజూ మంత్రీ భటుడూ అందరూ మైకు ముందు వరుస కట్టి, మాట చెప్పి పక్కకు తప్పుకుంటారు. మైకులు వేదిక అంచున కింద పెట్టించి, లేదా పైనుంచి వేలాడదీయించి, అవి లేవనుకునే సాధన చేయించడం క్షేమం.

రెండో వారం: కదలికలు, కంఠస్థం

వేదిక కొలతను అడుగులతో కొలిచి, అదే కొలతలో నేలపై సుద్దతో గీసి, రాకపోకలు ఎటునుంచో గుర్తులు పెట్టి సాధన చేయించాలి. ప్రదర్శన తిరుపతి మహతి ఆడిటోరియంలోనో, చిత్తూరు నాగయ్య కళాక్షేత్రంలోనో అయితే బడి వేదికకు అలవాటుపడిన పిల్లలు పెద్ద వేదికపై ఒక మూల గుమిగూడిపోతారు. ముందుగా ఒక పూట అక్కడ నడిపించేందుకు అనుమతి అడగాలి. ఎవరు ఎప్పుడు ఎందుకు కదులుతున్నారో చెప్పలేకపోతే ఆ కదలిక తీసేయడమే మంచిది.

ఈ వారం బుధవారానికి కాగితాలు చేతుల్లోంచి పోవాలి. అప్పటి నుంచి ప్రాంప్టింగ్, అంటే మరిచిన మాటను పక్కనుంచి అందించడం, ఒక్కరే చేయాలి, అదీ మొదటి మాట మాత్రమే. వాక్యమంతా అందిస్తే నటుడు దానికోసం ఎదురుచూడడం నేర్చుకుంటాడు.

బడి వేదికకు ముందు తెర లేకపోతే దిగులు పడనవసరం లేదు. చిత్తూరు జిల్లా పల్లెల్లో 18 రోజుల పాటు పగలు హరికథగా, రాత్రి వీధి నాటకంగా భారతం నడుస్తుంది. అక్కడ ఇద్దరు మనుషులు ఒక గుడ్డను పట్టుకుంటారు, దాని వెనుక నుంచి పాత్ర ప్రవేశిస్తుంది. ఇద్దరు ఆరో తరగతి పిల్లలకు ఆ పని అప్పగిస్తే రంగం మారేటప్పుడు వేదిక ఖాళీగా కనిపించదు, వారికీ నాటకంలో చోటు దొరుకుతుంది. ఊళ్లో వీధి నాటకం ఆడే పెద్దాయన ఎవరైనా ఉంటే ఒక సాయంత్రం పిలిచి ప్రవేశం ఎలా చేయాలో చూపించమనండి.

మూడో వారం: వేషాలు, సామగ్రి

దుస్తులు బాడుగకు తెచ్చేటట్లయితే మూడో వారం మొదట్లోనే చెప్పి పెట్టాలి, ఎందుకంటే బడులన్నీ ఒకే నెలలో అడుగుతాయి. కానీ అన్నీ బాడుగకు తేనవసరం లేదు. తిరుపతి గంగమ్మ జాతరలో బైరాగి వేషానికి తెల్లసుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం పూసుకుంటారు. వీధి చివరి నుంచి చూసినా ఏ వేషమో ఒక్క రంగుతో తెలిసిపోతుంది. నాటకంలోనూ ప్రతి పాత్రకు దూరం నుంచి గుర్తుపట్టగల ఒక్క గుర్తు, తలపాగానో భుజంపై కండువానో, ఉంటే చాలు. నగలూ కిరీటాలూ చివరి వరుసకు కనిపించవు. చెప్పులు, పొడవాటి చీర, అతికించే మీసం లాంటివి మాత్రం ఈ వారమే వేయించి చూడాలి. వాటితో నడవడం, మాట్లాడడం అలవాటు కావాలి. ఉత్తరం, చెంబు, కర్ర వంటి సామగ్రికి ఒకే విద్యార్థిని బాధ్యుణ్ణి చేసి, నటులు ఎవరూ వాటిని ఇంటికి తీసుకుపోకుండా చూడాలి.

నాలుగో వారం

ఇక దర్శకుడు నాటకాన్ని ఆపకూడదు. తప్పు జరిగినా పిల్లలే సర్దుకుని ముందుకు సాగాలి. చూసిన లోపాలను రాసుకుని, అయిపోయాక ఒక్కొక్కరికి ఒకటి రెండు చొప్పున చెప్పాలి. ఒకే రోజు పది సూచనలు విన్న పిల్లవాడు మరునాడు ఒక్కటీ గుర్తుంచుకోడు. లైట్లు, పాటలు, గంట శబ్దం వంటివి నటులతో సంబంధం లేకుండా ఒక పూట విడిగా సరిచూసుకోవాలి. ప్రదర్శనకు రెండు రోజుల ముందు వేషాలతో పూర్తి ప్రదర్శన చేయించి, ఆరో తరగతి పిల్లలను ప్రేక్షకులుగా కూర్చోబెట్టాలి. వాళ్లు నవ్విన చోట నటులు ఆగాలని, నవ్వు తగ్గాకే తరువాతి మాట ఎత్తుకోవాలని ఆ రోజే తెలుస్తుంది. మరునాడు సాధన వద్దు. గొంతులకు విశ్రాంతి కావాలి.

కార్యక్రమ పట్టికలో నాటకం స్థానం గురించి ప్రధానోపాధ్యాయులతో ముందే మాట్లాడాలి. అతిథుల ప్రసంగాలన్నీ అయ్యాక అంటే రాత్రి తొమ్మిది దాటుతుంది. అప్పటికి నటులకు ఆకలి, ప్రేక్షకులకు నిద్ర. మేకప్‌కు ముందే పిల్లలకు ఇడ్లీయో పెరుగన్నమో పెట్టించడం మరవకూడదు.

నాటకం మొదలయ్యాక ప్రాంప్టరును, సామగ్రి చూసే విద్యార్థిని తెర వెనుక ఉంచి, దర్శకుడు వెళ్లి చివరి వరుసలో కూర్చోవాలి. తెర వెనుక నిలబడి సైగలు చేస్తే పిల్లల చూపులు అటే తిరుగుతాయి. ముగిశాక బాడుగ దుస్తులను పట్టీ ప్రకారం లెక్కపెట్టి మూటలు కట్టించి, బస్సులో వెళ్లవలసిన వారు ఎవరితో వెళ్తున్నారో కనుక్కున్న తరువాతే అభినందనల కోసం ముందుకు రావచ్చు.