కువైట్ పెట్టెలోని బొమ్మ పిల్లలకిచ్చే ముందు

కడప చుట్టుపక్కల ఊళ్లలో కువైట్ నుంచి మనవాళ్లెవరైనా వస్తే, పెట్టె విప్పేదాకా పిల్లలు ఆగరు. విప్పండి. బొమ్మ చేతికిచ్చే ముందు మాత్రం కాసేపు చూడండి.

అట్టపెట్టె పారేయొద్దు. బ్రాండు, మోడల్, బ్యాచ్ నంబర్లు సాధారణంగా దానిమీదే ఉంటాయి. ఫొటో తీసుకోండి.

ఆ పేరు ఫోన్‌లో వెతకండి. ప్రమాదకరమైన వస్తువుల వివరాలను యూరప్ దేశాలు ‘సేఫ్టీ గేట్’ అనే వెబ్‌సైట్‌లో పెడతాయి. దాని పాత పేరు రాపెక్స్. ఓఈసీడీ అనే దేశాల కూటమి 2012లో మొదలుపెట్టిన ‘గ్లోబల్ రీకాల్స్’ సైట్‌లో చాలా దేశాల రీకాల్స్, అంటే లోపముందని వెనక్కి తీసుకున్న వస్తువుల వివరాలు, ఒకేచోట దొరుకుతాయి. అక్కడ పేరు లేనంత మాత్రాన వస్తువు మంచిదని కాదు, అసలెవరూ పరీక్షించి ఉండకపోవచ్చు. బ్రాండే లేకపోతే ఫొటోలతో పోల్చి చూడాలి.

నాకు అన్నిటికంటే భయం బటన్ బ్యాటరీ, అంటే నాణెంలా ఉండే చిన్న బ్యాటరీ. బొమ్మలో అది పెట్టే చోట మూతకు స్క్రూ ఉందా? లేకపోతే ఆ బొమ్మ ఇవ్వనే వద్దు. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ‘పొద్దున చూద్దాంలే’ అనొద్దు.

చిన్న అయస్కాంతాలు కూడా అంతే. రెండు మింగితే పేగులను మధ్యలో పట్టి అతుక్కుని చిల్లు పెడతాయి.

కువైట్ ఛార్జర్ పిన్నులు చాలావరకు మన సాకెట్‌లో పట్టవు, బలవంతంగా దూర్చొద్దు.

ఇక్కడే కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి, 2021 జనవరి 1 నుంచి బొమ్మలకు అది తప్పనిసరి. లైసెన్స్ నంబరును, ఆ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూసుకోవచ్చు. ఫిర్యాదుకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.