ఈసీ మీటర్‌ను సరిగ్గా క్యాలిబ్రేట్ చేయడం ఎలా?

సిరొంచ చుట్టుపక్కల మిర్చి వేసేవాళ్లు బోరు నీళ్లు సీసాలో పట్టుకొచ్చి, "సార్, ఇవి తోటకు పనికొస్తాయా?" అని అడుగుతుంటారు. మిర్చి ఉప్పును ఎక్కువ తట్టుకోదు. నీటి ఈసీ, అంటే కరిగిన ఉప్పును బట్టి పెరిగే విద్యుత్ వాహకత, సెంటీమీటరుకు 1000 మైక్రోసీమెన్స్ దాటితే దిగుబడి తగ్గడం మొదలవుతుంది. కాబట్టి మీటర్ చూపే అంకె తప్పయితే, మనం చెప్పే మాటా తప్పే.

క్యాలిబ్రేట్ చేయడమంటే, ఈసీ ముందే తెలిసిన ద్రావణంలో ముంచి మీటర్ అంకెను సరిచేయడం. దీనికి 1413 మైక్రోసీమెన్స్ స్టాండర్డ్ ద్రావణం (ఆ ఈసీ తెలిసిన ద్రావణం), డిస్టిల్డ్ వాటర్, రెండు చిన్న బీకర్లు, థర్మామీటర్ చాలు. బీకర్లు గాజువైనా, ప్లాస్టిక్‌వైనా పర్వాలేదు. ఇంకా ఉప్పటి నీళ్ల కోసం 12.88 మిల్లీసీమెన్స్ (12,880 మైక్రోసీమెన్స్) ద్రావణం కూడా కొనమంటారు గానీ, మన బోర్లకు అక్కర్లేదు. స్టాండర్డ్ ఇంట్లో కలుపుకోవద్దు. లీటరుకు 0.7456 గ్రాముల శుద్ధ పొటాషియం క్లోరైడ్ తూయాలి, అది మామూలు త్రాసుతో అయ్యే పని కాదు. ఎరువుల దుకాణంలో దొరికే పొటాష్ అసలే పనికిరాదు.

ప్రోబ్‌ను, అంటే మీటర్‌లో నీళ్లలో ముంచే భాగాన్ని, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి విదిలించండి. నల్ల పూత ఉన్న ప్లాటినం ప్రోబ్ అయితే గుడ్డతో రుద్దకూడదు. మొదటి బీకర్లో కొంచెం స్టాండర్డ్ పోసి, ప్రోబ్‌ను అందులో తిప్పి, ఆ ద్రావణం పారబోయండి. రెండో బీకర్లో కొత్తది పోసి, ప్రోబ్ రంధ్రాలు మునిగేలా ఉంచి, రెండుసార్లు మెల్లగా తట్టండి. లోపల ఆవగింజంత బుడగ ఇరుక్కున్నా రీడింగ్ పడిపోతుంది.

ఇక అసలు చిక్కంతా వేడితోనే.

ఈ ద్రావణం 25 డిగ్రీల దగ్గరే 1413. డిగ్రీకి దాదాపు 2 శాతం చొప్పున పెరిగి, 30 డిగ్రీలకు 1550 దగ్గరికి వస్తుంది. మే నెలలో మా గదిలో మధ్యాహ్నం 38 డిగ్రీలు ఉంటుంది. అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలో ప్రోబ్ ముంచి క్యాలిబ్రేషన్ బటన్ నొక్కేవాళ్లను చూశాను. ద్రావణం చల్లగా, ప్రోబ్ వేడిగా ఉంటే లోపలి సెన్సర్‌కు ఏ వేడిని లెక్కలోకి తీసుకోవాలో తెలియదు.

నేను మూత బిగించిన సీసాను రాత్రంతా మీటర్ పక్కనే ఉంచి, తెల్లవారుజామున ఎండ ఎక్కకముందే క్యాలిబ్రేట్ చేస్తాను. అప్పటికీ వేడిగా ఉంటే, బీకర్‌ను కుండ నీళ్లు పోసిన గిన్నెలో నిలబెడతాను. ప్రోబ్ ముంచాక ఐదు నిమిషాలు ఆగాలి. థర్మామీటర్, మీటర్ రెండూ ఒకే ఉష్ణోగ్రత చూపాలి, అంకె కదలకుండా నిలవాలి. అంతకుముందు బటన్ జోలికి వెళ్లొద్దు.

ఇంకో తప్పు దీనికన్నా పెద్దది. సీసా మీద ఉష్ణోగ్రతల పట్టిక ఉంటుంది. మీ మీటర్ తనంతట తానే వేడిని సర్దుకునే రకమైతే ఆ పట్టిక మీకు కాదు, 1413కే సెట్ చేయాలి. మా దగ్గర ఒకరు 30 డిగ్రీలు చూసి 1550కి సెట్ చేశారు. ఆ వారం 960 రావాల్సిన బోరు నీళ్లు 1050 దాటి చూపించాయి, ఆ రైతు బోరు కట్టేశాడు. మళ్లీ కొలిచి, వాళ్ల ఇంటికి వెళ్లి చెప్పొచ్చాను. సర్దుకోని రకం మీటర్లకే పట్టిక కావాలి.

సెట్ అయ్యాక కొత్త స్టాండర్డ్‌లో మళ్లీ ముంచండి. 1400, 1426 మధ్య రావాలి. రాకపోతే ప్రోబ్ మీద బోరు నీళ్ల సున్నం పేరుకుని ఉంటుంది. పూత లేని ప్రోబ్‌ను పది నిమిషాలు వెనిగర్‌లో ఉంచి, కడిగి, మొదటి నుంచి చేయండి. వాడిన ద్రావణం తిరిగి సీసాలో పోయొద్దు. మూత తీసిన తేదీ సీసా మీద రాసి పెట్టుకోండి.