చదివిన పుస్తకాన్ని పిల్లల చేత మళ్లీ తెరిపించడం ఎలా

మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. బజార్లో చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఆరేళ్లుగా ప్రతి మే నెలలో షాపు వెనక వరండాలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల్ని కూర్చోబెట్టి కథల పుస్తకాలు చదివిస్తున్నాను. ఇద్దరు నా పిల్లలు, మిగతావాళ్లు మా వీధి పిల్లలు. మొత్తం ఎనిమిది, తొమ్మిది మంది ఉంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుతారు. నేను టీచర్ని కాదు. చేసి చూసి తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

మొదటి ఏడాది తలా ఒక లాంగ్ నోట్‌బుక్ ఇచ్చాను. పుస్తకం పేరు, రచయిత పేరు, సారాంశం, నీతి రాయమన్నాను. పదో రోజుకి ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురూ అట్ట వెనకున్న నాలుగు లైన్లు దించేసి "అయిపోయింది పిన్నీ" అని నోట్‌బుక్ చేతిలో పెట్టేవారు. మా పెద్దాడికి బడిలోనూ అలాంటి పనే ఇచ్చారు, సెలవుల్లో పది పుస్తకాల మీద రిపోర్టులు. వాడు ఫోన్లో వెతికి ఒక్క పూటలో పదీ రాసేశాడు. ఒక్క పుస్తకం కూడా ముట్టుకోలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మనం అడిగిన పనికి అసలు పుస్తకంతో అవసరమే లేదని అప్పుడు అర్థమైంది.

అప్పట్నుంచి ఏ పని ఇచ్చినా ముందు ఒకటే చూసుకుంటాను. ఈ పని చెయ్యాలంటే పిల్లాడు పుస్తకం మళ్లీ తెరవాలా? తెరవక్కర్లేకపోతే ఆ పని ఇవ్వను, అది చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా సరే. అట్టమీద బొమ్మ వేసి రంగులద్దమనడం అలాంటిదే. చదవకుండానే వేసేయొచ్చు.

పుస్తకాలు ఎక్కడివి

మూడు చోట్ల నుంచి తెచ్చుకుంటాం. ఒకటి, ఇళ్లలో అటకల మీదున్న పాత చందమామలు. మా వైపు ఇళ్లలో దాని ఒడియా రూపం జహ్నమామూ కూడా దొరుకుతుంది. ఒకే కథ, ఒకే బొమ్మలు రెండు భాషల్లో దొరికితే మాకు పండగే. రెండు, ఆదివారం పేపర్లలో పిల్లల పేజీలు. ఇవి కత్తిరించి పాత ఫైళ్లలో పెడతాను. మూడు, ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటు. అందులో తెలుగు, ఒడియా కథలు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింటు తీసుకోవచ్చు. కథలు చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడగొట్టి ఉంటాయి. A4 కాగితానికి ఒక్కో వైపు రెండు పేజీల చొప్పున వేస్తే పదహారు పేజీల పుస్తకం నాలుగు కాగితాల్లో అయిపోతుంది. మధ్యలో రెండు పిన్నులు కొడితే చాలు.

పుస్తకం పిల్లాడి స్థాయికి సరిపోతుందో లేదో తెలియాలంటే మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదవమనండి. తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. పేజీ అయ్యేలోపు ఐదు వేళ్లూ ముడుచుకుపోతే ఆ పుస్తకం ఇప్పుడొద్దు. వచ్చే ఏడాది చూద్దాం.

ఒడియా మీడియం పిల్లలకి ఇంకో చిక్కుంది. ఒడియాలో ఎ, ఏ అని రెండు లేవు, ఒ, ఓ అని రెండు లేవు. ఒక్కొక్కటే ఉంటుంది. అందుకని మా వాళ్లు "చెరువు"ని "చేరువు" అంటారు, "కోట"ని "కొట" అంటారు. పైగా మన సున్నాలా గుండ్రంగా ఉండే అక్షరం ఒడియాలో "ఠ". మొదటి వారం వాళ్లు సున్నా దగ్గర ఆగి ఆలోచిస్తారు. అక్కడ ఆపి సరిచేయకండి. కథ సాగనివ్వండి. పదిహేను రోజులకి దానంతట అదే సర్దుకుంటుంది. ఆగిన ప్రతిచోటా "తప్పు, మళ్లీ చదువు" అన్న రోజున ఒక పాప పుస్తకం మూసి ఇంటికెళ్లిపోయింది. మళ్లీ తీసుకురావడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

ఏడో తరగతి పిల్లాడి చేతిలో చిన్నపిల్లల పుస్తకం పెడితే వాడికి నామోషీ. తెలుగు చదవడం అప్పుడే మొదలుపెట్టినవాడికి మరో దారి లేదు కూడా. అందుకని "మీ చెల్లికి రాత్రి చదివి వినిపించాలి, ముందు నువ్వు ప్రాక్టీస్ చెయ్యి" అని ఇస్తాను. ఆ మాటతో వాడు తల దించుకోకుండా తీసుకుంటాడు. నిజంగానే చదివి వినిపిస్తాడు.

టైము ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర. తర్వాత ఎండ. అరగంట ఎవరికి వాళ్లు చదువుకోవడం, మిగతా గంట చేతిపని. నెలకి తలా నాలుగు పుస్తకాలు దాటనివ్వను.

ఒక్క కాగితంతో ఎనిమిది పేజీల పుస్తకం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని ఇది, కాబట్టి వివరంగా చెప్తాను. 75 జీఎస్‌ఎం మామూలు A4 కాగితం చాలు. మందపు కాగితం మడత దగ్గర పగులుతుంది.

కాగితాన్ని బల్లమీద అడ్డంగా పెట్టండి. పై అంచుని కింది అంచుకి తెచ్చి పొడవునా సగానికి మడిచి, గోటితో గట్టిగా గీసి, విప్పండి. ఇప్పుడు ఎడమ అంచుని కుడి అంచుకి తెచ్చి మడవండి. అదే దిక్కులో ఇంకోసారి మడవండి. మొత్తం విప్పితే ఎనిమిది గళ్లు కనిపించాలి. మళ్లీ ఎడమ అంచుని కుడి అంచుకి తెచ్చి ఒక్కసారి మాత్రం మడిచి, మడత ఉన్న వైపు నుంచి మధ్య గీత వెంట ఒక్క గడి పొడవు కత్తిరించండి. అంచుదాకా వెళ్లకూడదు. అక్కడే పిల్లలు తొందరపడతారు, మొదటిసారి కత్తెర మీ చేతిలో ఉంచుకోండి. విప్పితే కాగితం మధ్యలో రెండు గళ్ల పొడవున చీలిక ఉంటుంది. పొడవునా సగానికి మడిచి, రెండు చివర్లూ పట్టుకుని లోపలికి తొయ్యండి. చీలిక నోరు తెరుచుకుని, కాగితం కూడిక గుర్తులా నిలబడుతుంది. ఆ నాలుగు రెక్కల్నీ ఒకవైపుకి చుట్టేస్తే పుస్తకం. జిగురు లేదు, పిన్ను లేదు. మొదటిసారి అది చేతిలో తయారైనప్పుడు ఎనిమిదో తరగతి మగపిల్లలు కూడా "అరె" అంటారు.

పుస్తకం మడిచాకే పెన్సిలుతో రాయించండి. విప్పి రాస్తే కొన్ని పేజీలు తలకిందులవుతాయి. అంచుల్లో చిటికెన వేలంత ఖాళీ వదలమనండి, లేకపోతే మెషీన్ అక్షరాలు కొరికేస్తుంది. రాశాక విప్పితే రాసిందంతా కాగితానికి ఒకే వైపు ఉంటుంది. ఒక్క జిరాక్స్ తీస్తే రెండో కాపీ వచ్చేసినట్టే. తమ పుస్తకానికి పది కాపీలు చూసుకున్న పిల్లల మొహాలు మీరు చూడాలి.

అందులో ఏం రాయాలి? అదే కథని, కథలో నోరు విప్పని వాళ్లెవరో చెప్తున్నట్టు రాయాలి. రాజుగారి కథైతే గుర్రం చెప్తుంది, లేదా వంటింట్లో మనిషి చెప్తాడు. లోపలి ఆరు పేజీల్లో పేజీకి రెండు వాక్యాలు మించకూడదు. ప్రతి పేజీలోనూ అసలు పుస్తకం నుంచి ఒక మాట తెచ్చి దానికింద గీత గియ్యాలి. చివరి అట్టమీద "నేను రెండుసార్లు చదివిన పేజీ" అని నంబరు వెయ్యాలి. గీత గీసిన ఆరు మాటల కోసం వాళ్లు పుస్తకాన్ని ఆరుసార్లు తిరగేస్తారు.

కోర్టు

చేతిపనులంటే చిన్నపిల్లల ఆట అని ముఖం తిప్పుకునేవాళ్లు కొందరుంటారు, ముఖ్యంగా ఎనిమిదో తరగతి వాళ్లు. వాళ్లకి కోర్టు పెట్టండి. కథలో ఒకరి మీద కేసు. ఇద్దరు లాయర్లు, ఒక జడ్జి, మిగతావాళ్లు సాక్షులు. నిబంధన ఒక్కటే: పేజీ నంబరు చెప్పి, ఆ వాక్యం పైకి చదవనిదే సాక్ష్యం చెల్లదు. "నాకలా అనిపించింది" అంటే జడ్జి ఒప్పుకోకూడదు. జడ్జిగా అందరికన్నా చిన్నవాళ్లని కూర్చోబెడతాను, పెద్దవాళ్లు వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాల్సి వస్తుంది.

కోతి గుండెకాయ కోసం దాన్ని వీపుమీద ఎక్కించుకెళ్లిన మొసలి కథ అందరికీ తెలిసిందే. మొసలి మీద నమ్మకద్రోహం కేసు పెట్టాం. పదినిమిషాల్లో శిక్ష పడిపోతుందనుకున్నాను. ఆరో తరగతి పాప లేచి, మా దగ్గరున్న ప్రింటులో పేజీ వెతికి, నది మధ్యలో మొసలి నిజం చెప్పేసిన వాక్యం చదివింది. "చంపాలనే ఉంటే ఎందుకు సెప్పింది పిన్నీ, చెప్పకుండా తీసికెళ్లిపోవచ్చు కదా?" అంది. రెండో లాయరు అదే పేజీలో ఇంకో వాక్యం కోసం వెతకడం మొదలుపెట్టాడు. ఆ రోజు తొమ్మిదిన్నర దాటినా ఎవరూ లేవలేదు, అమ్మలొచ్చి పిలుచుకెళ్లారు. నేను ఆ కథ ఎన్నిసార్లు విన్నానో, ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు.

మూడు గడుల మాటలు

ఇది రోజూ ఐదు నిమిషాల పని. చిన్న నోట్‌బుక్‌లో మూడు గడులు గీయించండి. మొదటి గడిలో పుస్తకంలో దొరికిన మాట, రెండో గడిలో ఇంట్లో అనేమాట, మూడో గడిలో ఒడియా మాట. పుస్తకంలో వాగు, ఇంట్లో గెడ్డ, ఒడియాలో నాళొ. పుస్తకంలో పిల్లవాడు, మా ఇళ్లలో గుంటడు, ఒడియాలో పిలా. చీమకి పింపుడి. రెండో గడికి వాళ్లు తాతల్ని, నానమ్మల్ని అడగాలి. "గెడ్డ" అని రాయడానికి మొదట సిగ్గుపడ్డారు, అది తప్పు తెలుగని ఎవరో చెప్పారట. నాకు కోపం వచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారు మా పర్లాకిమిడిలోనే మాస్టారుగా పనిచేశారు. ఇక్కడుండే సవర భాష నేర్చుకున్నారు, సవరలు మాట్లాడే మాటలు రాసుకుని నిఘంటువు చేశారు. జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని పోరాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఈ సంగతి చెప్పాక ఎవరూ సిగ్గుపడలేదు. కొండమీది ఊరి నుంచి బంధువులింటికి వచ్చిన ఒకబ్బాయి తనంతట తనే నాలుగో గడి గీసుకుని సవర మాటలు రాసుకున్నాడు. మీ ఊళ్లో ఎన్ని భాషలుంటే అన్ని గడులు గీయించండి.

రాయలేని వాళ్లకి

తెలుగు చదవగలిగినా రాయడం రానివాళ్లు మా దగ్గర సగం మంది. వాళ్ల చేత రాయించి ఏడిపించొద్దు. అమ్మ ఫోన్లో వాయిస్ రికార్డు చేయించండి. కథ మూడు నిమిషాలు దాటకూడదు, ముగింపు చెప్పకూడదు. దాన్ని అమ్మమ్మకి వాట్సాప్‌లో పంపించండి. అమ్మమ్మ తప్పకుండా ఏదో ఒకటి అడుగుతుంది: "ఆ ముసలమ్మకి కొడుకులు లేరా?" పిల్లాడు పుస్తకం తెరిచి చూసి మళ్లీ రికార్డు చేస్తాడు. జహ్నమామూ చదివి అదే కథ తెలుగులో చెప్పడం కూడా ఇలాగే చేయించవచ్చు. అమ్మమ్మకి ముందే ఫోన్ చేసి, "బాగుంది నాన్నా" అని ఊరుకోవద్దు, ఏదో ఒకటి అడగమని చెప్పిపెట్టుకోండి.

కాస్త రాయగలిగితే 50 పైసల పోస్టుకార్డు. మహేంద్రతనయ ఏరు దాటితే ఆంధ్రాలోని పాతపట్నం, మాలో చాలామందికి అక్కడ మేనమామలూ, అత్తలూ ఉన్నారు. ఏరు దాటితే రాష్ట్రం మారుతుంది. మా పిన్‌కోడ్ 76తో మొదలవుతుంది, వాళ్లది 53తో. ఇక్కడి పిల్ల పుస్తకంలో ఒక పాత్రే రాస్తున్నట్టు కార్డు రాస్తుంది. అందులో మూడు ఆనవాళ్లు ఉండాలి, సంతకంలో మాత్రం ఆ పాత్ర అసలు పేరు ఉండకూడదు. అక్కడి బావో, వదినో అదే పుస్తకం చదివి అదెవరో కనుక్కుని జవాబు రాయాలి. అందుకని ప్రింటు ఎప్పుడూ రెండు కాపీలు తీస్తాను. వాళ్లకి ఏప్రిల్ చివర్లోనే సెలవులు మొదలై జూన్ రెండో వారంలో బడులు తెరుచుకుంటాయి, మావి జూన్ మధ్యలో వచ్చే ఒడియా వాళ్ల రజో పండగ అయ్యాక. అందుకని కార్డులు మే మొదటివారంలోనే వేసేయండి. ఆలస్యమైతే జవాబు రాసేవాళ్లు బడికెళ్లిపోతారు.

మార్కులు, బహుమతులు పెట్టకండి. ఒక ఏడాది ఎక్కువ పుస్తకాలు చదివినవాళ్లకి జామెట్రీ బాక్స్ అన్నాను. అందరూ పల్చటి పుస్తకాలకే ఎగబడ్డారు. పుస్తకం నచ్చకపోతే ఇరవై పేజీల తర్వాత వదిలేయనివ్వండి, కానీ ఎక్కడ విసుగొచ్చిందో ఆ పేజీలో చిన్న చీటీ పెట్టమనండి. రెండోవాళ్లు ఆ చీటీ దాకా చదివి ఇద్దరూ వాదించుకుంటారు.

పిల్లలు చేసిన చిట్టిపుస్తకాల్ని నేను షాపులో తాడు కట్టి వేలాడదీస్తాను. ఆధార్ కాపీల కోసం వచ్చినవాళ్లు నిలబడి చదువుతారు. బట్టలకి పెట్టే క్లిప్పులు ఒక డజను చాలు. ఫ్యాన్ గాలి తగిలేచోట పుస్తకానికి పైనొకటి, కింద ఒకటి పెట్టండి. తాడు పెద్దవాళ్ల కళ్ల ఎత్తులో కాకుండా ఆరో తరగతి పిల్లలకి అందేంత కిందకి కట్టండి, తీసి చూపించేది వాళ్లే కదా.