వానలు మొదలయ్యేలోపే: కుక్కో పిల్లో ఉన్న ఇంటికి ఫ్లోరింగ్ జాగ్రత్తలు

షాపులో ఫ్లోరింగ్ అమ్మేవాళ్లు ఎప్పుడూ పైభాగమే చూపిస్తారు. దాని మీద గ్లాసుడు నీళ్లు పోసి, గుడ్డతో తుడిచి, "చూశారా, చుక్క కూడా ఇంకలేదు" అంటారు. నిజమే, ఇంకదు. కానీ పెంపుడు జంతువులున్న ఇంట్లో నేల పాడవడం అక్కడ మొదలవదు. రెండు పలకలు కలిసే చోట, టైల్స్ సందుల్లో నింపే గ్రౌట్ గీతలో, గోడ అడుగున అంటించే స్కర్టింగ్ పట్టీ కింద మొదలవుతుంది. కాబట్టి ఏ రకం చూసినా "నీళ్లకు తట్టుకుంటుందా" అని అడిగి ఊరుకోకండి. "అతుకులోంచి దిగితే కింద ఏమవుతుంది" అని అడగండి. దీనికి సూటిగా జవాబు చెప్పలేని షాపులో కొనకపోవడమే మంచిది.

వానాకాలం ముందే ఈ పని చూసుకోమనడానికి కారణం ఉంది. బయట వాన పడుతుంటే చాలా కుక్కలు గడప దాటవు. ఏదో మూల చూసుకుని పాస్ పోసేస్తాయి. బయటికి వెళ్లొచ్చినవి నాలుగు పాదాలతో బురదా, ఇసుకా మోసుకొస్తాయి. గాలిలో తేమ వల్ల తుడిచిన తడి గంటలు గడిచినా ఆరదు. ఎండాకాలమంతా తెలియని పాత మూత్రం వాసన కూడా అప్పుడే లేస్తుంది.

మూత్రాన్ని నీళ్లతో సమానంగా లెక్కేయడం చాలామంది చేసే పొరపాటు. అందులోని యూరియాను బాక్టీరియా విడగొడితే అమ్మోనియా వస్తుంది, ముక్కు పగిలే ఘాటు దానిదే. పిల్లి మూత్రంలోని యూరిక్ ఆమ్లం ఎండాక స్ఫటికాలుగా మిగిలిపోతుంది. అవి మామూలు నీళ్లకు సరిగా కరగవు, తేమ తగిలినప్పుడల్లా మళ్లీ వాసన ఇస్తాయి. మనకు వాసన పోయినా జంతువుల ముక్కుకు పోదు. అందుకే పోసిన చోటే మళ్లీ పోస్తాయి, ఒకే అతుకు పదే పదే తడుస్తుంది.

టైల్స్ అయితే గ్రౌట్ దగ్గర ఆలోచించండి

నా ఓటు మొదట విట్రిఫైడ్ టైల్‌కే. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఈ తరగతి టైల్ నీటిని పీల్చే శాతం 0.5కి మించకూడదు. గోడలకు వాడే మామూలు సిరామిక్ టైల్ 10 శాతం పైనే పీలుస్తుంది. పైనున్న గాజులాంటి పూత, అంటే గ్లేజు, ఒకేలా మెరుస్తుంది కాబట్టి ముందునుంచి చూస్తే తేడా తెలియదు. టైల్‌ను వెనక్కి తిప్పి, గ్లేజు లేని వైపు ఒక నీటి చుక్క వేయండి. క్షణాల్లో మాయమై నల్లటి మచ్చ మిగిలితే అది పీల్చే టైల్. చుక్క చుక్కలాగే నిలబడితే సరైనది. సేల్స్‌మన్ చెప్పే పది మాటలకన్నా ఈ చుక్క నయం.

గ్లేజు టైల్ కొంటుంటే, ఆ పూత అరుగుదలకు ఎంత తట్టుకుంటుందో చెప్పే పీఈఐ రేటింగ్ కూడా అడగండి. 5 వరకు ఉండే ఆ లెక్కలో పెద్ద కుక్క తిరిగే హాలుకు 4 ఉంటే నిశ్చింత. కుక్క గోళ్లు విట్రిఫైడ్ టైల్‌ను గీయవని చెప్పొచ్చు. గీసేది పాదాల కింద ఇరుక్కొచ్చే ఇసుక. తళతళ మెరిసే పాలిష్ టైల్ మీద ఆ సన్న గీతలు వెలుతురు పక్కనుంచి పడితే బాగా కనిపిస్తాయి, మ్యాట్ టైల్ మీద కనిపించవు.

ఇక గ్రౌట్. లక్ష పెట్టి టైల్ కొని, సందుల్లో సిమెంట్ గ్రౌట్ నింపితే మూత్రానికి ముగ్గు గీసి దారి చూపించినట్టే. సిమెంట్ గ్రౌట్‌కు సన్నటి రంధ్రాలుంటాయి, పీల్చుకుంటుంది, కొన్నాళ్లకు గీత గోధుమరంగుకు తిరిగి ఎంత రుద్దినా పోదు. రెసిన్‌తో చేసిన ఎపాక్సీ గ్రౌట్ పీల్చదు. ఖరీదెక్కువ, పని కూడా కష్టం: కలిపాక త్వరగా గట్టిపడుతుంది, వెంటవెంటనే తుడవకపోతే టైల్ మీద పొరలా అంటుకుపోతుంది. అందుకే కొందరు మేస్త్రీలు "సిమెంట్‌దే చాలు సార్, దానికీ దీనికీ తేడా లేదు" అంటారు. తేడా ఉంది. బడ్జెట్ సరిపోకపోతే ఇల్లంతా కాకపోయినా గిన్నెలు పెట్టే చోట, వాకిలి దగ్గర, పిల్లి లిట్టర్ ట్రే ఉండే మూలనైనా ఎపాక్సీ వేయించండి. మిగతా చోట్ల సిమెంట్ గ్రౌట్ ఆరాక, రంధ్రాల్లోకి తడి దిగకుండా ఆపే సీలర్ పూయించండి. ఆ సీలర్ అరిగిపోతుంది కాబట్టి మళ్లీ మళ్లీ పూస్తుండాలి.

ఇంకో అలవాటు మీద కన్నేసి ఉంచండి. అందం కోసం టైల్స్‌ను సందు లేకుండా ఒకదానికొకటి ఆనించి వేసేస్తారు. చూడ్డానికి గీతే కనిపించదు, బాగుంటుంది. కానీ ఆ వెంట్రుకంత సందులోకి గ్రౌట్ దిగదు, మూత్రం మాత్రం దిగుతుంది. టైల్స్ మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్కలు, అంటే స్పేసర్లు, పెట్టి కనీసం 2 మిల్లీమీటర్ల సందు వదలమనండి. పరిచాక మర్నాడు ఒక నాణెంతో ప్రతి టైల్ నాలుగు మూలలూ కొట్టి చూడండి. 'ఠంగ్' మని గట్టిగా పలికితే కింద నిండుగా ఉన్నట్టు. డొల్లగా పలికితే కింద ఖాళీ ఉంది, అతుకులోంచి దిగిన తడి అక్కడే నిలుస్తుంది. మేస్త్రీ డబ్బులు పూర్తిగా ఇవ్వకముందే ఇది చూసుకోవాలి.

చెక్కలా కనిపించే పలకలు

లామినేట్, ఎస్‌పీసీ షాపులో పక్కపక్కనే ఉంటాయి, పైకి ఒకేలా ఉంటాయి. లోపల మాత్రం పొంతన లేదు. లామినేట్ మధ్యలో ఉండేది హెచ్‌డీఎఫ్, అంటే చెక్క పీచును జిగురుతో ఒత్తి చేసిన బోర్డు. అతుకులోకి తడి చేరితే అంచు ఉబ్బుతుంది. వేలితో అడ్డంగా రాస్తే చిన్న గట్టులా తగులుతుంది. ఆరినా ఆ గట్టు తగ్గదు. దాని మీద రాసే ఏసీ రేటింగ్ పైపొర అరుగుదలకు సంబంధించిన లెక్క. ఏసీ4, ఏసీ5 అని ఉన్నంత మాత్రాన నీళ్లకు తట్టుకుంటుందని కాదు. అరుగుదల రేటింగ్‌నే నీళ్లకు రక్షణగా చెప్పి అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఎస్‌పీసీ మధ్యభాగం సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి చేసింది. నీళ్లలో ముంచి ఉంచినా ఉబ్బదు. దీన్ని వాటర్‌ప్రూఫ్ అనడం తప్పేం కాదు, కానీ ఆ మాట పలకకే వర్తిస్తుంది, నేల మొత్తానికి కాదు. పలకలను ఒకదానిలో ఒకటి బిగించే క్లిక్ అతుకుల్లోంచి దిగిన మూత్రం పలకను ఏమీ చేయకుండా కిందనున్న ఫోమ్‌లోకి, సిమెంట్‌లోకి వెళ్లి అక్కడ కంపు కొడుతుంది. పైన ఎంత తుడిచినా లాభం ఉండదు.

కొనేముందు రెండు శాంపిల్ ముక్కలు అడిగి తెచ్చుకోండి. వాటిని క్లిక్ చేసి, కింద టిష్యూ పేపర్ పరిచి, అతుకు మీద రెండు చెంచాల నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే టిష్యూ తడిసిందా, అంచు లేచిందా చూడండి. 'వాటర్ రెసిస్టెంట్' అని రాసిన వాటికి ఈ పరీక్ష మరీ ముఖ్యం. ఆ మాటకు కొన్ని గంటలపాటు తట్టుకుంటుందనే అర్థం. ఎన్ని గంటలో అట్టపెట్టె మీద వెతకండి. రాత్రి పిల్లి పోసింది మనం చూసేది తెల్లారాకే కదా.

ఎస్‌పీసీలో మొత్తం మందం చెప్పి ఊరుకుంటారు, 5 మిల్లీమీటర్లు, 6 మిల్లీమీటర్లు అని. మీరు అడగాల్సింది పైనున్న పారదర్శక పొర, వేర్ లేయర్ మందం. కుక్క ఉంటే 0.5 మిల్లీమీటర్లు తీసుకోండి. పిల్లి మాత్రమే ఉంటే 0.3 సరిపోవచ్చు. గోళ్ల గీత ఆ పొర దాటి కిందనున్న బొమ్మను తాకితే ఇక బాగుచేయడానికి ఏమీ ఉండదు, పలక మార్చాల్సిందే. గోడల వెంట వదిలే సందును సిమెంట్‌తో పూడ్చనివ్వకండి. ఎండ నేరుగా పడే చోట ఎస్‌పీసీ సాగుతుంది, జాగా లేకపోతే మధ్యలో పైకి లేస్తుంది. తడి తగిలే అంచుల్లో సాగే గుణమున్న సిలికాన్‌తో మూసి, పైన స్కర్టింగ్ పెట్టించండి.

పాలరాయి, చెక్క, కార్పెట్

పాలరాయి ఉన్న ఇంటిని పగలగొట్టమని చెప్పను, కానీ కొత్తగా వేయించుకోవద్దనే అంటాను. అది కాల్షియం కార్బొనేట్, ఆమ్లం తగిలితే మెరుపు పోయి మచ్చ పడుతుంది, తడినీ పీలుస్తుంది. మూత్రం వాసనకు వెనిగర్ వాడమని అందరూ చెప్తుంటారు. పాలరాయి మీద మాత్రం వద్దు, మూత్రం చేసేదానికన్నా ఎక్కువ నష్టం వెనిగరే చేస్తుంది. రాయే కావాలంటే సీలర్ పూసిన గ్రానైట్ మేలు.

అసలు చెక్క ఎంత గట్టిదైనా గీత పడేది దాని మీదున్న వార్నిష్‌కే, కాబట్టి గట్టి చెక్క అన్న ధీమా పనికిరాదు. ఓక్ లాంటి చెక్కల్లో ఉండే టానిన్లు అమ్మోనియాతో కలిస్తే నల్లమచ్చలు పడతాయి. పైపైన సాండింగ్ చేస్తే పోనంత లోతుకు దిగుతాయి. కార్పెట్ గురించి చెప్పడానికి ఏమీ లేదు, వద్దు.

జారుడు

నీళ్ల సంగతి చూసుకుంటూ మనం మరిచిపోయేది ఇదే. వయసు మళ్లిన కుక్క నున్నటి టైల్ మీద పడుకుని లేవబోతుంటే గమనించండి. ముందు కాళ్లు నిలదొక్కుకుంటాయి, వెనక కాళ్లు రెండూ చెరో వైపుకు జారిపోతాయి, గోళ్లు టకటకా కొట్టుకుంటాయి. రెండోసారి ప్రయత్నించి, మళ్లీ పడుకుండిపోతుంది. కీళ్లనొప్పులున్న వాటికి, తుంటి కీలు సమస్య ఉన్న జాతులకు ఇది రోజూ నరకం. అలాంటి కుక్క ఇంట్లో ఉంటే గ్లాసీ టైల్ ఎంత తక్కువలో వచ్చినా వద్దనండి.

టైల్ పెట్టె మీద ఆర్9 నుంచి ఆర్13 వరకు జారుడు రేటింగ్ ఉంటుంది. అంకె పెరిగేకొద్దీ పట్టు పెరుగుతుంది. ఇంట్లోకి ఆర్10 మంచి మధ్యేమార్గం. అంతకన్నా గరుకైతే వెంట్రుకలూ, మట్టీ గరుకులో ఇరుక్కుని తుడిచేవాళ్ల నడుం విరుగుతుంది. అయితే ఆ పరీక్ష బూట్లు వేసుకున్న మనుషులతో చేసేది, కుక్క పాదాలతో కాదు. వీలైతే శాంపిల్ టైల్స్ నాలుగు ఇంటికి తెచ్చి, తడిపి, మీ కుక్కను వాటి మీద నిలబెట్టి చూడండి. పాత నేలనే ఉంచుకునేవాళ్లు పాదాల కింద మెత్తల మధ్య పెరిగే వెంట్రుకలు కత్తిరించి, గోళ్లు పొట్టిగా ఉంచితే చాలా తేడా కనిపిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు, పని జరుగుతున్నప్పుడు

కొత్త నేల కింద పాత వాసనను పూడ్చిపెట్టకండి. పాతది తీసేశాక, గది చీకటి చేసి యూవీ టార్చ్ వేసి చూడండి. మూత్రం ఇంకిన చోట్లు పసుపు పచ్చగా మెరుస్తాయి. అక్కడ మూత్రం మిగుళ్లను విడగొట్టే ఎంజైమ్ క్లీనర్ పోసి, ఆరనిచ్చి, సిమెంట్‌కు సీలర్ కొట్టించాకే పైన వేయించాలి.

కిందనుంచి వచ్చే తేమ ఇంకో తలనొప్పి. సుమారు 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీట్‌ను గచ్చు మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించి, కనీసం 16 గంటలు ఉంచి తీయండి. షీట్ లోపల నీటి బిందువులు ఉన్నా, గచ్చు రంగు ముదిరినా ఇంకా ఆరలేదు. కొత్తగా పోసిన సిమెంట్ పొర మిల్లీమీటరుకు ఒక రోజు చొప్పున ఆరుతుందని సాధారణ లెక్క, అంటే 4 సెంటీమీటర్ల పొరకు 40 రోజులు. వానల్లో ఇంకా ఎక్కువ. పని ఇప్పుడే మొదలుపెట్టమనేది అందుకే.

పని జరిగే రోజుల్లో జంతువుల్ని ఇంకెక్కడైనా ఉంచితే మీకూ టెన్షన్ ఉండదు. టైల్ కోసే దుమ్ము, జిగురు వాసన వాటికి మంచివి కావు. పక్షులకైతే ఘాటు వాసనలు ప్రాణం మీదికే వస్తాయి. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడకముందు తొక్కితే కుక్కలూ పిల్లులూ అంటుకున్న పాదాలను నాకేస్తాయి. నడవొచ్చు అన్న సమయం వేరు, పూర్తిగా గట్టిపడే సమయం వేరు, డబ్బా మీద రెండూ రాసి ఉంటాయి. మీరు రెండోదాన్ని పాటించండి.

తుడిచేటప్పుడు

మూత్రం మీద బ్లీచ్ పోయకండి. అందులోని అమ్మోనియాతో కలిసి క్లోరమిన్ వాయువులు వస్తాయి, ఊపిరితిత్తులకు హాని. అమ్మోనియా ఉన్న క్లీనర్ వాడితే మళ్లీ అక్కడే పోయమని పిలిచినట్టు. పిల్లి ఉన్న ఇంట్లో ఫినాయిల్ మానేయాలి. ఫినాల్ జాతి రసాయనాలను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు, నేల మీద నడిచి పాదాలు నాకినా విషమే. ముందు గుడ్డతో తడిని అద్దేసి, తర్వాత ఎంజైమ్ క్లీనర్ పోసి, సీసా మీద చెప్పినంతసేపు తడిగా వదిలేస్తే చాలు. క్లిక్ అతుకులున్న నేలకు స్టీమ్ మాప్ వద్దు, ఆవిరి నేరుగా సందుల్లోకి దిగుతుంది.

నీళ్ల గిన్నె కింద ఒక ట్రే పెట్టండి. వినైల్, ఎస్‌పీసీ మీద రబ్బరు అడుగున్న మ్యాట్ వద్దు, రబ్బరులోని రసాయనం వల్ల పసుపు మచ్చ పడి ఎన్నటికీ పోదు.

వారంటీ కాగితంలో 'పెంపుడు జంతువులు' అన్న చోటు వెతికి చదవండి. గీతలకు కవరేజీ ఉండి మూత్రానికి లేకపోవడం, లేదా రెండూ లేకపోవడం మామూలే. బిల్లు ఇచ్చేటప్పుడే ఒక పెట్టె అదనంగా కొని, దాని మీదున్న బ్యాచ్ నంబర్ ఫొటో తీసి పెట్టుకోండి. రెండేళ్ల తర్వాత అదే డిజైన్ దొరికినా రంగు కలవకపోవచ్చు. ఆ పెట్టె ఎస్‌పీసీదైతే గోడకు నిలబెట్టకుండా చదునుగా పడుకోబెట్టి ఉంచాలి, లేకపోతే పలకలు వంగిపోయి అవసరానికి క్లిక్ అవవు.