జూనో-106 మీద ఒక నాదాన్ని మొదటి నుంచి మలచుకోవడం

రోలాండ్ సంస్థ 1984లో తెచ్చిన జూనో-106 సింథసైజర్‌కు (విద్యుత్తుతో నాదాన్ని పుట్టించే కీబోర్డు వాద్యానికి) 61 మెట్లు ఉన్నాయి. ఒకేసారి 6 స్వరాలు పలుకుతాయి. 128 నాదాలను దాచుకోవచ్చు. అయితే దాచి ఉన్న నాదాలను వరుసగా వింటూ కూర్చుంటే ఈ వాద్యం పట్టుబడదు. మాన్యువల్ బటన్ నొక్కితే స్లైడర్లు ఏ స్థానంలో ఉన్నాయో ఆ నాదమే వినిపిస్తుంది కనుక సాధన అక్కడ మొదలుపెట్టాలి.

స్వరాన్ని పుట్టించే డీసీఓ విభాగంలో సా-టూత్ (రంపపు పళ్ల ఆకారపు) తరంగాన్ని మాత్రమే ఉంచి, సబ్ (కింది స్థాయి స్వరం), నాయిస్ (హోరు), ఎల్‌ఎఫ్‌ఓ (స్వరాన్ని ఊగించేది) స్లైడర్లను దించి, నాదాన్ని చిక్కబరిచే కోరస్‌ను ఆపివేయాలి. నాదాన్ని వడగట్టే ఫిల్టర్ (వీసీఎఫ్ విభాగం) పూర్తిగా తెరిచి ఉంటే తుమ్మెద రొద వంటి కరకు ధ్వని వస్తుంది. ఒక మెట్టును నొక్కి ఉంచి, వీసీఎఫ్‌లోని ఫ్రీక్వెన్సీ స్లైడర్‌ను మెల్లగా దించుతూ వింటే, పై అనుస్వరాలు (మూల స్వరంతో కలిసి పలికే పైధ్వనులు) ఒక్కొక్కటిగా రాలిపోయి నాదం గుండ్రబడడం తెలుస్తుంది. నా దృష్టిలో ఈ వాద్యం ప్రాణమంతా ఈ స్లైడర్‌లోనే ఉంది. దీనికి ఒక పూట కేటాయించినా ఎక్కువ కాదు. ఫిల్టర్ కోత పెట్టే చోటి ధ్వనిని ఎత్తి చూపే రెజొనెన్స్‌ను చివరిదాకా పెంచితే ఫిల్టరే ఈల వేస్తుంది కాబట్టి, ముందుగా వాల్యూమ్ తగ్గించుకోవాలి.

తీగవాద్యాల బృందం వంటి నాదం కావాలంటే నాదం కాలంతో ఎలా పెరిగి తగ్గాలో నిర్ణయించే ఎన్వలప్‌లో అటాక్‌ను (నాదం పైకి లేచే సమయం) కొద్దిగా, సస్టెయిన్‌ను (మెట్టు నొక్కి ఉన్నంతసేపు నిలిచే స్థాయి) బాగా పెంచి, రిలీజ్‌ను (మెట్టు వదిలాక ఆగిపోయే సమయం) మధ్యలో ఉంచాలి. ఫిల్టర్‌కూ ధ్వని తీవ్రతకూ ఉన్న ఎన్వలప్ ఒక్కటే; తీవ్రతను నడిపే వీసీఏను గేట్‌కు (మెట్టు నొక్కగానే మోగి, వదలగానే ఆగే పద్ధతికి) మార్చితే అది ఫిల్టర్‌కే పరిమితమవుతుంది. మెట్టును గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ధ్వని తీవ్రత మారదు కనుక, పియానో అలవాటున్నవారికి మొదట్లో ఇది లోటుగా తోస్తుంది. కోరస్‌ను చివరనే కలపాలి: కొంచెం బుస వినిపించినా, నాదం ఒక్కసారిగా విశాలమవుతుంది.

కర్ణాటక సంగీతం వాయించేవారికి ఎడమవైపున్న, స్వరాన్ని పైకీ కిందికీ వంచే బెండర్ మీట ముఖ్యం. షడ్జమం మెట్టును నొక్కి, మీటను కుడివైపు చివరిదాకా తోసినప్పుడు సరిగ్గా చతుశ్రుతి రిషభం పలికేలా బెండర్ పక్కనున్న డీసీఓ స్లైడర్‌ను సరిచేసుకోవాలి. మీట అన్ని స్వరాలనూ కలిపి వంచుతుంది కాబట్టి, గమకం పలికించేటప్పుడు ఒక్క మెట్టే నొక్కాలి.