జర్మనీలో చదివే మన విద్యార్థులకు: ఆదివారం వెళ్లి ఆ రాత్రికే తిరిగి రావడం ఎలా?

నెల్లూరు నుంచి పెంచలకోనకు బస్సులో వెళ్లినవారు దిగీ దిగగానే, కొండవైపు ఇంకా చూడకముందే, కండక్టరును ఒక మాట అడుగుతారు: "తిరిగి ఆఖరి బస్సు ఎన్నింటికండీ?" ఇంత అలవాటైన ఈ ప్రశ్నను జర్మనీకి చదువుకు వెళ్లిన మన పిల్లలు ఎందుకో మరిచిపోతారు. ఏ ఊరు చూడాలో, ఎక్కడ ఫోటోలు బాగా వస్తాయో శుక్రవారం రాత్రంతా చర్చిస్తారు గానీ తిరిగి రావడం సంగతి అప్పటికి చూసుకోవచ్చులే అనుకుంటారు. మ్యూనిక్‌లో చదివిన రోజుల్లో నేనూ అలాగే చేసి, కొన్ని రాత్రులు స్టేషన్ బెంచీల మీద కూర్చున్నాక తెలుసుకున్న పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణలు మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రానివి అయినా, పద్ధతి జర్మనీలో ఎక్కడున్నవారికైనా పనికివస్తుంది.

ముందు టికెట్టు సంగతి. 2023 మేలో 49 యూరోలతో మొదలైన నెలవారీ డాయిచ్‌లాండ్ టికెట్టు 2025 జనవరిలో 58కి, 2026 జనవరిలో 63కి చేరింది. చాలా విశ్వవిద్యాలయాలు విద్యార్థులకు దీనిని తగ్గింపు ధరకు ఇస్తాయి కనుక, పూర్తి ధర పెట్టి కొనే ముందు మీ సెమిస్టరు రుసుములో ఏమేమి కలిసి ఉన్నాయో చదువుకోండి. నెలంతా దేశమంతటా సిటీ బస్సులు, ట్రాములు, మెట్రోలు, ప్రాంతీయ రైళ్లు దీనితో ఎక్కవచ్చు. ఐసీఈ, ఐసీ వంటి వేగపు రైళ్లకు మాత్రం ఇది చెల్లదు. పొరపాటున ఎక్కితే టికెట్టు లేనివారి కిందే లెక్క. ఇది నెలనెలా దానంతటదే కొనసాగే చందా కాబట్టి, సెలవులకు ఇంటికి వచ్చే నెలలో వద్దనుకుంటే అంతకుముందు నెల 10వ తేదీలోగా రద్దు చేసుకోవాలి. అమ్మానాన్నలు చూడటానికి వచ్చినప్పుడు వారికి బవేరియా రోజువారీ టికెట్టు తీసుకోవడం మేలు. దాని మీద ఐదుగురి వరకు కలిసి ప్రయాణించవచ్చు. మామూలు రోజుల్లో ఉదయం 9 గంటల నుంచి, శని, ఆదివారాల్లో అర్ధరాత్రి 12 నుంచి మొదలై మర్నాడు తెల్లవారుజామున 3 వరకు చెల్లుతుంది. ప్రయాణించే అందరి పేర్లూ దాని మీద రాయడం మరిచిపోకండి.

ఇక ప్రణాళిక. కాగితం మీద అన్నిటికంటే ముందు ఆఖరి తిరుగు బండి సమయం రాసి, దాన్ని కొట్టివేసి, దాని ముందు బండి సమయం రాసుకోండి. మీ బండి అదే. ఆఖరిది ఆపదలో ఆదుకోవడానికి. అక్కడి నుంచి వెనక్కి లెక్కవేస్తూ, ఊళ్లోంచి స్టేషనుకు నడక ఎంత, భోజనానికి ఎంత, చూడవలసిన చోట ఎంత అని తీసివేస్తూ పోతే పొద్దున ఎన్నింటికి లేవాలో తేలుతుంది. మన నెల్లూరులో ఏడాది పొడవునా సాయంత్రం ఆరుకు కాస్త అటూ ఇటూగా పొద్దుగూకుతుంది కాబట్టి వెలుతురు చూసి సమయం చెప్పే అలవాటు మనకు ఉంటుంది. మ్యూనిక్‌లో డిసెంబరు సూర్యుడు 4 గంటల 20 నిమిషాల ప్రాంతంలోనే అస్తమిస్తాడు, జూన్‌లో 9 దాటాక గానీ అస్తమించడు. చలికాలంలో 11 గంటలకు బయలుదేరినవారికి సరస్సు చీకట్లోనే కనబడుతుంది. ఎండాకాలం ఇంతకన్నా మోసకారి, ఎందుకంటే ఇంకా పట్టపగలులా ఉండగానే పల్లె నుంచి స్టేషనుకు వచ్చే ఆఖరి బస్సు వెళ్లిపోతుంది.

శుక్రవారం రాత్రి ఒకసారి, బయలుదేరే ముందు ఇంకొకసారి జర్మన్ రైల్వేవారి డీబీ నావిగేటర్ యాప్‌లో రైలు సమయాలు సరిచూసుకోవాలి. పట్టాల మరమ్మతులు వారాంతాల్లో పెట్టుకోవడం అక్కడ మామూలే. ఎస్‌ఈవీ అనే మూడక్షరాలు కనబడితే, ఆ ముక్కలో రైలుకు బదులు బస్సు నడుస్తుందని అర్థం. ఆ బస్సు స్టేషను బయట ఎక్కడ ఆగుతుందో వెతుక్కోవడానికి ఒక పావుగంట కలుపుకోండి.

నేను దెబ్బతిన్నది మరోచోట. మ్యూనిక్‌కు దక్షిణాన గంట దూరంలో టేగర్న్‌జే అనే సరస్సు ఉంది. ఒక ఆదివారం సరైన ప్లాట్‌ఫారం మీద, సరైన సమయానికి, సరైన రైలే ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని పులిహోర డబ్బా తెరిచాను. మధ్యలో ఒక స్టేషనులో ఏదో ప్రకటన వినిపించింది, నలుగురైదుగురు లేచి గబగబా ముందు పెట్టెలవైపు పరుగెత్తారు, నేను మాత్రం తింటూనే ఉన్నాను. ఆ దారిలో రైలు విడిపోయి, ఒక్కో భాగం ఒక్కో ఊరికి వెళుతుంది. మన పాతతరం వారికి లింకు బోగీలు గుర్తుండే ఉంటాయి, అదే పద్ధతి. నేను దిగింది లెంగ్రీస్ అనే ఊళ్లో. అక్కడ నది ఉంది గానీ సరస్సు లేదు. అందుకే రెండు జర్మన్ మాటలు కంఠతా పట్టండి: ఫోర్నె అంటే ముందు, హింటెన్ అంటే వెనుక. ప్లాట్‌ఫారం బోర్డు మీద ఊరి పేరు పక్కన ఉండే ఏ, బీ, సీ అక్షరాలు మీ పెట్టె ఎక్కడ ఆగుతుందో చెబుతాయి. ఎక్కాక పెట్టె లోపలి తెర మీద మీ ఊరి పేరు చూసిన తరువాతే డబ్బా తెరవండి.

మొదటి ప్రయాణానికి నేను సాల్జ్‌బర్గ్ చెబుతాను. మ్యూనిక్ నుంచి అది నెల్లూరు-చెన్నై దూరం కన్నా కొంచెం తక్కువే, రెండు గంటల్లోపు చేరవచ్చు. ఆస్ట్రియాలో ఉన్నప్పటికీ డాయిచ్‌లాండ్ టికెట్టు అక్కడి ప్రధాన స్టేషను వరకు చెల్లుతుంది, ఊళ్లోని బస్సులకు చెల్లదు. స్టేషను నుంచి పాత ఊరికి నడిచే వెళ్లవచ్చు. 1756లో సంగీతకారుడు మోజార్ట్ పుట్టిన ఇల్లు, పైన కొండ మీద కోట ఒక్క పూటలో చూసేయవచ్చు. అందరూ ముందు అడిగే నోయిష్వాన్‌స్టైన్ కోటను మాత్రం రెండో నెలకు వాయిదా వేసుకోండి. లోపలికి గైడుతో కలిసి, టికెట్టు మీద రాసిన సమయానికే వెళ్లాలి, ఆలస్యమైతే టికెట్టు పోయినట్లే. కోటకు దగ్గరి ఊరైన ఫ్యూసెన్‌లో రైలు దిగి, బస్సెక్కి, కింద నుంచి అరగంటకు పైగా ఎక్కవలసి ఉంటుంది. అంతా చేసి లోపల ఉండేది కూడా ఇంచుమించు అరగంటే.

సరిహద్దు దాటే రోజున పాస్‌పోర్టు, నివాస అనుమతి కార్డు రెండూ అసలువే జేబులో ఉండాలి. ఫోన్‌లోని ఫోటో చాలదు. షెంగెన్ (సరిహద్దు తనిఖీలు వద్దనుకున్న ఐరోపా దేశాల కూటమి) కాబట్టి ఎవరూ అడగరన్నది పాత మాట, 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ తన భూ సరిహద్దులన్నిటిలోనూ తనిఖీలు పెట్టింది. కార్డు గడువు ముగిసి కొత్తది చేతికి రాని రోజుల్లో దేశం లోపలే తిరగడం క్షేమం. స్విట్జర్లాండ్ వెళితే సరిహద్దు దగ్గరే మొబైల్ డేటా ఆపేయండి. అది ఐరోపా సమాఖ్యలో లేదు కనుక ఉచిత రోమింగ్ నియమం అక్కడ వర్తించదు.

ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి తిండి శనివారమే సిద్ధం చేసుకోవాలి. గూడూరు నిమ్మకాయల పులుపు అక్కడి పెద్ద నిమ్మకాయలకు రాదు గనుక చింతపండు పులిహోరే నయం. చేపల పులుసు మూత ఎంత గట్టిగా బిగించినా రైలు పెట్టెలో తెరవకండి, ఎదురు సీటువారి ముఖం చూడలేము. సీసా ఒకటి వెంట ఉంటే కుళాయి నీరు నింపుకోవచ్చు. కొన్న సీసాలను పారేయకండి, చాలా ప్లాస్టిక్ సీసాలకు 25 సెంట్లు తిరిగి ఇస్తారు.

చివరగా, ఇంటికి సమాచారం. మన గడియారం జర్మనీ కన్నా ఎండాకాలంలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు ముందు ఉంటుంది. మీరు జూన్‌లో రాత్రి 8 గంటలకు తిరుగు బండి ఎక్కేటప్పటికి నెల్లూరులో 11:30 అవుతుంది, అమ్మ మేలుకునే ఉంటుంది. "ఎక్కాను" అని మాత్రమే రాస్తే "చేరాను" అనే మాట కోసం ఒంటిగంట దాటినా కూర్చుంటుంది. అందుకని ఎక్కగానే చేరే సమయం కూడా రాసి, దానికి ఒక గంట కలిపి చెప్పండి.