ఇంట్లో ఒకరికి కోవిడ్ వస్తే: ధైర్యం చెడకుండా చేయాల్సిన పనులు

ఇంట్లో ఒకరికి పాజిటివ్ అనగానే అందరికీ కాళ్లూ చేతులూ ఆడవు. అప్పుడు ఊరికే ‘ధైర్యంగా ఉండు’ అంటే ఆ మాట నిలవదు. పూటపూటకూ చేయాల్సిన పని తెలిసి ఉంటే ధైర్యం దానంతటదే కుదురుతుంది. ముందుగా ఒక నోటు పుస్తకం, థర్మామీటరు, వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పల్స్ ఆక్సీమీటరు తెచ్చిపెట్టుకోండి.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పాత వీధుల్లో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి. విడిగా గది ఇవ్వడం చాలామందికి కుదరదు. అలాంటప్పుడు మంచం కిటికీ పక్కన వేసి, టేబుల్ ఫ్యానును కిటికీ వైపు తిప్పండి, గాలి బయటికి పోతుంది. ఎండగా ఉందని అన్నీ మూసి ఏసీ వేస్తే అదే గాలి అందరూ పీలుస్తారు. చూసుకునే మనిషి ఒక్కరే ఉండాలి, ఇద్దరూ ముక్కు మూసేలా మాస్కు పెట్టుకోవాలి. అరవై దాటినవాళ్లకు, షుగర్, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ఆ పని అప్పగించకండి.

అన్నిటికన్నా శ్రద్ధ పెట్టాల్సింది ఆక్సిజన్ మీద. కొందరికి ఆయాసం తెలియకుండానే అది పడిపోతుంది. రోజుకు నాలుగుసార్లు చూడండి. గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉన్నా, వేలు చల్లగా ఉన్నా అంకె తప్పుతుంది. చెయ్యి రుద్ది వెచ్చబరిచి, ఐదు నిమిషాలు కూర్చున్నాక వేలు పెట్టి, అంకె నిలకడగా నిలిచాక రాసుకోవాలి. నల్లటి చర్మం మీద ఈ పరికరం ఉన్నదానికంటే ఎక్కువ చూపించే అవకాశం ఉంది. అందుకే అంకె బాగున్నా ఆయాసం ఉంటే మనిషినే నమ్మండి. 94, ఆపైన ఉంటే గదిలోనే ఆరు నిమిషాలు (పెద్దవాళ్లయితే మూడు) నడిపించి మళ్లీ చూడండి. 94 కంటే తగ్గినా, మూడు పాయింట్లకు మించి పడినా డాక్టర్‌కు చెప్పాలి. కూర్చున్నప్పుడే 93 లేదా అంతకంటే తక్కువుంటే నడిపించకుండా 108కి ఫోన్ చేయండి. ఛాతీలో నొప్పి, మనిషి మగతగా, తికమకగా ఉండటం, పెదవులు నీలం కావడం కనిపించినా అంతే. తెల్లారేదాకా ఆగొద్దు. అంబులెన్స్ వచ్చేలోగా బోర్లా పడుకోబెడితే ఊపిరి కొంత సులువవుతుంది. గర్భిణులను, అప్పుడే భోంచేసినవాళ్లను మాత్రం అలా పడుకోబెట్టకూడదు.

జ్వరానికి పారాసిటమాల్ 650 చాలు. ఆరు గంటల ఎడంతో, రోజుకు నాలుగు మించకుండా వేయండి. లివర్ జబ్బు ఉంటే ముందే డాక్టర్‌ను అడగాలి. జలుబు మాత్రల్లో చాలావాటిలో ఇదే మందు ఉంటుంది. రెండూ కలిపి వేస్తే తెలియకుండానే మోతాదు దాటి లివర్ దెబ్బతింటుంది. స్టెరాయిడ్ సొంతంగా మొదలుపెట్టొద్దు. ఆక్సిజన్ అవసరమైనవాళ్లకే అది మేలు చేస్తుందని 2020లో బ్రిటన్‌లో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. అవసరం లేనివాళ్లకు షుగర్ పెరగడమే మిగులుతుంది.

తిండి సహించకపోతే పల్చటి రాగిజావ, చారన్నం కొద్దికొద్దిగా పెట్టండి. విరేచనాలైతే ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టు మొత్తం లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో వేస్తే ఉప్పు ఎక్కువై విరేచనాలు ముదురుతాయి.

ఇక మనసు సంగతి. 2020 మార్చిలో తిరుమల దర్శనాలు ఆగినా స్వామివారి కైంకర్యాలు ఆగలేదు. ఆ ఏడు బ్రహ్మోత్సవాలు సైతం ఏకాంతంగా జరిగాయి. ఇంట్లోనూ ఆ క్రమం పట్టుకోండి. నిద్ర లేవడం, స్నానం, దీపం, భోజనం వేళ తప్పనివ్వకండి. వార్తలు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు, పడుకునే ముందు వద్దు. పక్క గదిలో ఉన్న మనిషితో రోజూ ఒకే వేళకు వీడియో కాల్ చేసి, జబ్బు ఊసు పక్కనపెట్టి మాట్లాడండి. నిద్ర పట్టక దిగులు పట్టి పీడిస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు.

పక్కింటివాళ్లకు జబ్బొస్తే గేటు దగ్గర క్యారియర్ పెట్టి ఫోన్ చేయండి. షుగర్, బీపీ మాత్రలు అయిపోయాయేమో అడగండి. వాళ్లను వెలివేసినట్టు చూస్తే, రేపు జ్వరం వచ్చినవాళ్లు దాచిపెడతారు, వీధంతా అంటుకుంటుంది.

జ్వరం తగ్గాక కూడా కొన్ని వారాలు నీరసం ఉండొచ్చు. మొదట ఇంట్లోనే కాసేపు నడిచి, మర్నాడు అలసట పెరగకపోతేనే కొంచెం పెంచండి. అలిపిరి మెట్లు ఎక్కే మొక్కుంటే, డాక్టర్ సరేనన్నాకే ఎక్కండి.